భుజం కీళ్లవాతం: శస్త్రచికిత్సకు ముందున్న మార్గాలు
(ప్రసంగ పాఠం)

తెలుగు భాషలో భుజానికి ఉన్న గౌరవం మరే కీలుకూ దక్కలేదు. బాధ్యతను స్వీకరించినవాడు దానిని భుజాన వేసుకున్నాడంటారు. మంచి పని చేసినవాడి భుజం తడతారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న వాని కథ పసిపిల్లలకు కూడ తెలుసు. కడపటి ప్రయాణంలో సైతం మనిషిని నలుగురు తమ భుజాలమీదనే మోస్తారు. శ్రమకూ, బాధ్యతకూ, ఆత్మీయతకూ ఇన్ని విధాల సంకేతమైన ఈ కీలు వాచి, నొప్పెట్టి, కదలడానికి మొరాయిస్తే మనిషి జీవితంలో ఎన్ని పనులు నిలిచిపోతాయో ఊహించడం కష్టం కాదు. తల దువ్వుకోవడం, చొక్కా తొడుక్కోవడం, అటకమీది డబ్బా అందుకోవడం, ఒక ప్రక్కకు తిరిగి నిద్రపోవడం: ఇవన్నీ ఆ ఒక్క కీలు దయమీద ఆధారపడి ఉన్నాయి.

ఈ విషయాన్ని కోల్‌కతా నగరాన్ని దృష్టిలో ఉంచుకొని పరిశీలించడం సముచితంగా ఉంటుంది. 2001 వరకు కలకత్తా అని వ్యవహరింపబడిన ఈ నగరం అనేక విధాల భుజబలంమీద నడుస్తున్నది. హౌరా స్టేషనులో సామాను మోసే కూలీలు, బడాబజారు సందులలో బస్తాలు దించే హమాలీలు, ఇంకా పూర్తిగా అంతరించని చేతిరిక్షాలను లాగేవారు, హుగ్లీ తీరపు జనపనార మిల్లుల కార్మికులు, కుమార్‌టులిలో దుర్గాప్రతిమలకు మట్టి మెత్తే శిల్పులు, పూజల దినాలలో బరువైన ఢాక్ వాద్యాన్ని భుజాన తగిలించుకొని వాయించే ఢాకీలు, వీరందరికీ చేయి పైకి లేవడమే జీవనోపాధి. ఆ జనపనార మిల్లులలో ఉత్తరాంధ్ర నుండి, గంజాం ప్రాంతం నుండి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు కూడ తరతరాలుగా పనిచేశాయి. ఇట్టివారికి భుజం నొప్పి వచ్చినప్పుడు "విశ్రాంతి తీసుకోండి" అన్న సలహా ఒక్కటే సరిపోదు. విశ్రాంతి అంటే వారి ఇంట పొయ్యి వెలగని రోజు. కనుక శస్త్రచికిత్స వరకు పోకుండా, పని పూర్తిగా మానకుండా, భుజాన్ని కాపాడుకొనే మార్గాలు ఏవి అన్న ప్రశ్న వారికి బ్రతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న.

భుజం నిర్మాణం

శరీరంలోని కీళ్లన్నిటిలో అత్యధికంగా కదలగలిగినది భుజం కీలు. భుజాస్థి తల బంతివలె గుండ్రంగా ఉంటుంది. అది రెక్క ఎముక అంచున ఉన్న లోతులేని గుంటలో ఆని తిరుగుతుంది. తుంటికీలులో బంతి లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో అయితే బంతి పళ్లెంమీద నిలిచినట్లుంటుంది. అందుచేతనే చేయి అన్ని దిక్కులకూ తిరుగుతుంది. ఈ స్వేచ్ఛకు మూల్యంగా కీలు స్థిరత్వమంతా చుట్టూ ఉన్న కండరాలమీద, ముఖ్యంగా నాలుగు కండరాల స్నాయువులు కలిసి ఏర్పడిన పట్టీమీద ఆధారపడవలసి వచ్చింది. దీనికి పైభాగాన, మెడ ప్రక్కనుండి వచ్చే జత్రుక అనే ఎముక రెక్క ఎముకతో కలిసేచోట మరొక చిన్న కీలు ఉన్నది. బరువులు మోసేవారిలో, ఎత్తేవారిలో తొందరగా అరిగేది తరచు ఈ చిన్న కీలే.

ఎముకల కొనలమీద నున్నని మృదులాస్థి పూత ఉంటుంది. కీలు లోపలి పొర ఊరించే జిగురు ద్రవం ఆ పూతను తడిపి ఉంచుతుంది. మృదులాస్థి అరిగి, గరుకై, ఎముకల నడుమ ఖాళీ తగ్గిపోయి, అంచులలో ఎముక మొలకలు పొడుచుకొని రావడాన్ని ఆస్టియో ఆర్థ్రైటిస్ అంటారు. ఇది సామాన్యంగా వయసు మళ్లినవారిలోను, పూర్వం ఎముక విరిగినవారిలోను, కీలు పదేపదే తొలగినవారిలోను కనిపిస్తుంది. శరీరం బరువును మోసే పని లేదు కనుక మోకాలు, తుంటి అరిగినంత తరచుగా భుజం అరగదు. రెండవది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. ఇందులో అరుగుదల కారణం కాదు. శరీరాన్ని రక్షించవలసిన వ్యాధినిరోధక వ్యవస్థ పొరపాటున సొంత కీళ్ల లోపలి పొరమీదనే దాడిచేస్తుంది. చేతివ్రేళ్లు, మణికట్లు, భుజాలు రెండువైపులా వాస్తాయి; ఉదయం లేచినప్పుడు కీళ్లు చాలసేపు బిగుసుకొని ఉంటాయి. మన ప్రాచీన వైద్యులు కూడ సంధివాతం, ఆమవాతం అని రెండు వేరు పేర్లు పెట్టి కీళ్లజబ్బులన్నీ ఒకటి కావని గుర్తించారు.

మొదటి ఔషధం: సరియైన నిర్ణయం

భుజంలో నొప్పి అంతా కీళ్లవాతం కాదు. మధుమేహం ఉన్నవారిలో తరచుగా వచ్చే "భుజం పట్టివేత"లో కీలు చుట్టూ ఉన్న సంచి ముడుచుకొనిపోతుంది. చేతిని రోగి తానుగా ఎత్తినా, వైద్యుడు ఎత్తినా లేవదు. కాని ఎక్స్‌రేలో మృదులాస్థి అరిగిన జాడ ఉండదు. స్నాయువు చినిగినప్పుడు చేయి తానుగా లేవదు, మరొకరు ఎత్తితే లేస్తుంది. మెడలోని నరం ఒత్తుకొన్నా నొప్పి భుజానికే దిగుతుంది. ఎడమభుజంలో హఠాత్తుగా నొప్పి, దానితోపాటు చెమట, ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే అది గుండెకు సంబంధించినది కావచ్చును. అప్పుడు తైలమర్దనతో కాలయాపన చేయరాదు.

మనదేశంలో మరువరాని మరొక వ్యాధి క్షయ. క్షయక్రిమి ఊపిరితిత్తులనే కాక భుజం కీలును కూడ పట్టగలదు. అందులో ఒక రకం వాపుగాని, చీముగాని లేకుండా, కండరాలను ఎండగట్టుతూ, కదలికను హరిస్తూ మెల్లగా సాగుతుంది. చూపుకు అది సాధారణమైన భుజం పట్టివేతవలె ఉంటుంది. అట్టి కీలులో వాపు తగ్గించే స్టెరాయిడ్ సూది వేస్తే రోగం మరింత విజృంభిస్తుంది. క్షయకు నిర్ణీతమైన మందులను నెలల తరబడి క్రమం తప్పక వాడితే అది నయమయ్యే వ్యాధి. కాబట్టి జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, కండరం కృశించడం వంటివి కనిపించినప్పుడు నొప్పి మాత్ర మ్రింగి ఊరకుండడం ప్రమాదకరం. ఒక ఎక్స్‌రే, కొన్ని రక్తపరీక్షలు, అనుభవజ్ఞుడైన వైద్యుని చేతిస్పర్శ, ఈ మూడింటితో చాలవరకు దారి తేటపడుతుంది. మందు ఏది అన్న ప్రశ్నకు ముందు వ్యాధి ఏది అన్న ప్రశ్నకు సమాధానం దొరకాలి.

నొప్పిని తగ్గించే మందులు

అరుగుదల వలన వచ్చిన కీళ్లవాతంలో, అరిగిపోయిన మృదులాస్థిని తిరిగి మొలిపించే ఔషధం ఇంతవరకు లేదు. ఈ సత్యాన్ని ముందుగా అంగీకరించినవాడు సగం మోసాలనుండి తప్పించుకుంటాడు. మందుల పని నొప్పిని తగ్గించడం. నొప్పి తగ్గిన వ్యవధిలో కీలును కదిలించి, కండరాలను బలపరచుకోవడం రోగి పని.

సాధారణంగా మొదట వాడేది పారాసిటమాల్. దీని ప్రభావం పరిమితమే, కాని జీర్ణకోశానికి హాని తక్కువ. పెద్దవారు ఇరవైనాలుగు గంటలలో 4 గ్రాములకు మించి వాడరాదు; వృద్ధులలోను, కాలేయం దెబ్బతిన్నవారిలోను ఇంకా తగ్గించాలి. జలుబు మాత్రలలోను ఇదే మందు కలిసి ఉంటుంది కనుక తెలియకుండానే మోతాదు మించే అవకాశం ఉన్నది.

రెండవ తరగతి ఐబుప్రొఫెన్, నాప్రొక్సెన్, డైక్లోఫినాక్ వంటివి. వీటికి పూర్వుడు ఆస్పిరిన్. అది 1899లో విపణికి వచ్చింది. కాని అది ఎట్లు పనిచేస్తుందో 1971లో గాని తెలియలేదు. శరీరంలో వాపునూ నొప్పినీ కలిగించే ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాల ఉత్పత్తిని ఇవి అరికడతాయని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ కనుగొన్నాడు. ఆయనకు 1982లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. అయితే ఆ పదార్థాలే జీర్ణాశయపు పొరను రక్షిస్తాయి, మూత్రపిండాలకు రక్తప్రసరణను కాపాడుతాయి. నొప్పిని ఆపే చేయే ఆ రక్షణను కూడ ఆపుతుంది. అందుచేత వీటిని దీర్ఘకాలం వాడినవారిలో కడుపులో పుండ్లు, రక్తస్రావం, మూత్రపిండాల బలహీనత, రక్తపుపోటు పెరుగుదల, గుండెజబ్బు సంభవించవచ్చును. కడుపును కాపాడేందుకు రూపొందించిన రోఫెకాక్సిబ్ అనే మందును గుండెపోట్ల ప్రమాదం బయటపడినందున 2004లో ఉత్పత్తిదారే ప్రపంచమంతటా ఉపసంహరించుకోవలసి వచ్చింది. తక్కువ మోతాదు, తక్కువ కాలం, ఆహారం తరువాత, వైద్యుని పర్యవేక్షణలో: ఇదే ఈ మందుల విషయంలో సూత్రం. ఒకే జాతికి చెందిన రెండు మందులను కలిపి వాడడం వలన ఉపశమనం రెట్టింపు కాదు, హాని మాత్రం పెరుగుతుంది.

పైపూత మందులు చర్మానికి దగ్గరగా ఉన్న కీళ్లకు బాగా ఉపకరిస్తాయి. భుజంలో ప్రధాన కీలు మందమైన కండరాల అడుగున ఉన్నది. కనుక అక్కడ వాటి ప్రభావం స్వల్పం. జత్రుక కొననున్న చిన్న కీలు చర్మానికి సమీపంలో ఉన్నందున దానికి కొంత మేలు చేయవచ్చును.

కీలులోనికి వేసే సూదులు

నొప్పి మాత్రలకు లొంగనప్పుడు కీలులోనికే స్టెరాయిడ్ మందును సూది ద్వారా పంపుతారు. స్టెరాయిడ్ చరిత్ర అమెరికాలోని మేయో క్లినిక్‌లో ప్రారంభమైంది. 1948లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు రుమటాయిడ్ వ్యాధితో మంచం పట్టిన రోగికి కార్టిసోన్ ఇవ్వగా కొద్ది రోజులలోనే లేచి నడవడం వైద్యలోకాన్ని విస్మయపరచింది. 1950లో హెంచ్‌కు, ఆ హార్మోన్లపై కృషి చేసిన కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. కాని విస్మయం చల్లారకముందే దుష్ఫలితాలు బయటపడ్డాయి. మందు ఆపగానే వ్యాధి తిరిగివచ్చేది. చిరకాలం వాడితే ఎముకలు పెళుసుబారేవి, రక్తంలో చక్కెర పెరిగేది, అంటురోగాలకు శరీరం లొంగిపోయేది.

కీలులోనికి మాత్రమే సూది వేస్తే ఈ దోషాలు చాలవరకు తగ్గుతాయి. ఉపశమనం కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు ఉంటుంది. ఒకే కీలుకు సంవత్సరంలో మూడు నాలుగు సూదులకు మించకూడదని సాధారణ నియమం. మధుమేహులకు సూది వేసిన తరువాత కొన్ని దినాలు చక్కెర పెరుగుతుంది. సమీపకాలంలో శస్త్రచికిత్స చేయించుకోదలచినవారికి మూడు నెలల లోపు ఈ సూది వేయకపోవడం మంచిది. అంటు సోకే ప్రమాదం పెరుగుతుంది.

జిగురు ద్రవానికి బదులుగా హయలురోనిక్ ఆమ్లం సూదులు కూడ విపణిలో ఉన్నాయి. భుజం అరుగుదలలో వీటివలన ప్రయోజనం లేదని అమెరికా ఎముకల వైద్యుల సంఘం 2020లో ప్రకటించిన మార్గదర్శక సూత్రాలలో స్పష్టం చేసింది. రక్తంనుండి తీసిన ప్లేట్‌లెట్ల సూదులను, మూలకణాల సూదులను సిఫారసు చేయడానికి కూడ తగిన ఆధారాలు లేవు. వేల రూపాయలు వెచ్చించి వీటిని చేయించుకొనే ముందు రోగి ఈ సంగతి తెలుసుకోవడం అవసరం.

సికింద్రాబాదు, కలకత్తా, భీమవరం

రుమటాయిడ్ వ్యాధిలో మాత్రం మందుల పాత్ర వేరు. అక్కడ నొప్పిని అణచడం చాలదు. వ్యాధి మూలాన్నే నిగ్రహించాలి. తొలిదశలోనే ప్రారంభిస్తే ఈ మందులు కీళ్ల వినాశాన్ని అడ్డుకోగలవు. ఈ మందుల చరిత్రలో తెలుగుదేశం, వంగదేశం రెండూ కనిపించడం భారతీయులు గమనించదగిన విషయం.

వీటిలో ఒకటి హైడ్రాక్సీ క్లోరోక్విన్. ఇది మలేరియా మందుల కుటుంబంనుండి వచ్చింది. మలేరియా క్రిమి దోమ శరీరంలో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో కనుగొన్నాడు. ఆ మరుసటి సంవత్సరం కలకత్తాలో, నేటి ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రి ఆవరణలోని చిన్న ప్రయోగశాలలో, పక్షులమీద పరిశోధించి దోమకాటు ద్వారా వ్యాధి వ్యాపించే విధానాన్ని పూర్తిగా నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ కాలంలో మలేరియాకు మందు క్వినైన్. దానికి కావలసిన సింకోనా చెట్లను డార్జిలింగ్ కొండలలోని మాంగ్పూలో పెంచారు. తరువాత రసాయనశాలలలో తయారైన మలేరియా మందులు కీళ్లజబ్బులలోను, లూపస్ అనే వ్యాధిలోను ఉపకరించడం వైద్యులు గమనించారు. మలేరియాపై విజ్ఞానం మలుపు తిరిగిన ఆ ఆసుపత్రిలోనే నేడు రుమటాలజీ విభాగం కీళ్లరోగులకు సేవ చేస్తున్నది. హైడ్రాక్సీ క్లోరోక్విన్‌ను ఏండ్ల తరబడి వాడేవారు కంటిపరీక్ష మానరాదు.

రెండవది, అన్నిటికంటె ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. దీని కథ భీమవరంలో మొదలవుతుంది. 1895 జనవరి 12న అక్కడ జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య నేర్చి, అమెరికా వెళ్లి, హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ విటమిన్‌కు విరోధిగా పనిచేసే అమినోప్టెరిన్ వంటి పదార్థాలను కూడ ఆ బృందమే సృష్టించింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వాటిని రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగానైనా వెనుకంజ వేయడాన్ని 1948లో లోకానికి తెలియజేశాడు. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. 1951లో అమినోప్టెరిన్ రుమటాయిడ్ రోగులకు మేలు చేస్తుందని వెల్లడైంది. దాని దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్‌ను తక్కువ మోతాదులో వారానికి ఒకసారి ఇవ్వడం 1980ల దశకంలో ప్రయోగాలతో నిరూపితమై, 1988లో అమెరికాలో ఆమోదం పొందింది. ఈనాడు ప్రపంచమంతటా రుమటాయిడ్ చికిత్సకు అదే మూలస్తంభం. వైద్యులు దానితోపాటు దుష్ఫలితాలను తగ్గించడానికి ఫోలిక్ ఆమ్లాన్ని కూడ వ్రాస్తారు. ఒకే చీటీమీద ఒక తెలుగువాని ప్రయోగశాలనుండి వచ్చిన విటమిన్, దాని విరోధి ప్రక్కప్రక్కన నిలవడం వైద్యచరిత్రలోని ఒక వింత.

ఈ మందు విషయంలో ఒక్క మాట మరీ మరీ చెప్పవలసి ఉన్నది. కీళ్లవాతానికి దీనిని వాడేది వారానికి ఒక్కసారి మాత్రమే. ప్రతిదినం మ్రింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయం కలుగుతుంది. వారంలో ఏ రోజున వేసుకోవాలో చీటీమీద మాతృభాషలో స్పష్టంగా వ్రాయించుకోవడం క్షేమం. వలసవచ్చిన కార్మికునికి ఆసుపత్రి భాష అర్థం కాకపోవచ్చును. భాష వలన వచ్చే పొరపాటు ఇక్కడ ప్రాణంమీదికి వస్తుంది. చదువుకున్న పొరుగువాడు ఆ చీటీని చదివి వినిపించడం చిన్న సహాయం కాదు. గర్భిణులు ఈ మందును వాడరాదు. వాడేవారు మద్యం మానాలి. రక్తపరీక్షలు, కాలేయ పరీక్షలు క్రమంగా చేయించుకోవాలి. ఈ మందులకు లొంగని వ్యాధికి ఇటీవలి దశాబ్దాలలో జీవసంబంధమైన ఖరీదైన సూదిమందులు వచ్చాయి. వాటిని ప్రారంభించేముందు, నిద్రాణంగా ఉన్న క్షయ మేలుకొనే ప్రమాదం ఉన్నందున, క్షయపరీక్ష తప్పనిసరి.

దేశీయ ఔషధాల మాట

కలకత్తాలోని ఉష్ణమండల వ్యాధుల వైద్యవిద్యాలయంలో రామ్‌నాథ్ చోప్రా దేశీయ మూలికలను ఆధునిక పద్ధతులలో పరీక్షించే సంప్రదాయాన్ని నెలకొల్పాడు. 1933లో ఆయన భారతీయ ఔషధాలపై ప్రచురించిన గ్రంథం ప్రసిద్ధం. ఆయన చూపిన మార్గం రెండు అతివాదాలకూ దూరమైనది. పాతదంతా అమృతమని నమ్మరాదు, పాతదంతా అజ్ఞానమని త్రోసివేయరాదు. ప్రతిదానినీ పరీక్షకు నిలపాలి. ఈ దృష్టితో చూస్తే, పేరూ పాళ్లూ వ్రాయని పొట్లాలలో అమ్మే "కీళ్లనొప్పుల చూర్ణాలు" అత్యంత అపాయకరమైనవి. అట్టివాటిలో కొన్నింట రహస్యంగా స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజులలో నొప్పి మాయమైతే రోగి మురిసిపోతాడు. నెలలు గడిచేసరికి ముఖం ఉబ్బుతుంది, ఎముకలు బలహీనపడతాయి, హఠాత్తుగా మానితే ప్రాణానికే ముప్పు వస్తుంది. దేశీయ వైద్యం కోరేవారు గుర్తింపు పొందిన వైద్యునివద్దకు వెళ్లాలి. వాడుతున్న మందులన్నిటినీ ఇరువురు వైద్యులకూ చెప్పాలి.

కదలిక అనే ఔషధం

మందుల దుకాణంలో దొరకని ఔషధం ఒకటి ఉన్నది. అది వ్యాయామం. నొప్పి ఉన్నది గదా అని చేతిని మెడకు కట్టుకొని కూర్చుంటే కీలు సంచి ముడుచుకొనిపోతుంది, కండరాలు సన్నబడతాయి, చివరకు చేయి నిజంగానే లేవదు.

కోల్‌కతా ఉత్తరభాగాన, బారక్‌పూర్ ట్రంక్ రోడ్డు మీదనున్న బన్‌హుగ్లీలో 1978లో కేంద్రప్రభుత్వం ఎముకల వికలాంగుల జాతీయ సంస్థను స్థాపించింది. నేడు అది జాతీయ చలన వైకల్య సంస్థగా వ్యవహరింపబడుతున్నది. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, కృత్రిమావయవాల నిర్మాణం అక్కడ బోధిస్తారు, రోగులకు చికిత్స కూడ చేస్తారు. అఖిలభారత ప్రవేశపరీక్ష ద్వారా వివిధ రాష్ట్రాల విద్యార్థులు అక్కడ చేరుతారు. ఫిజియోథెరపీ కీలును కదిలించడం నేర్పుతుంది. ఆక్యుపేషనల్ థెరపీ ఆ కీలుతో దైనందిన కార్యాలను, వృత్తిని సాగించడం నేర్పుతుంది.

భుజానికి చేయించే వ్యాయామాలు ఖర్చులేనివి. మొదటిది ఊయల వ్యాయామం: ఆరోగ్యంగా ఉన్న చేతితో బల్లను పట్టుకొని ముందుకు వంగి, నొప్పి ఉన్న చేతిని వ్రేలాడవిడిచి గడియారపు లోలకంవలె మెల్లగా ఊపాలి. రెండవది గోడ ప్రాకుడు: గోడకు ఎదురుగా నిలిచి వ్రేళ్లతో మెల్లమెల్లగా పైకి ప్రాకాలి. మూడవది కర్ర వ్యాయామం: రెండు చేతులతో కర్రను పట్టుకొని, మంచి చేయి సహాయంతో నొప్పి ఉన్న చేతిని పైకి, ప్రక్కలకు నడిపించాలి. నాలుగవది, చేయి కదలకుండానే అరచేతిని గోడకు అదిమి కండరాన్ని బిగించి వదలడం. ఐదవది, రెండు రెక్కలనూ వెనుకకు దగ్గరగా లాగడం. వ్యాయామం తరువాత పెరిగిన నొప్పి రెండు గంటలు దాటినా తగ్గకపోతే మరునాడు తీవ్రతను తగ్గించాలి. వ్యాయామానికి ముందు పావుగంట వేడికాపడం కండరాలను సడలిస్తుంది. వాపు ఉన్నప్పుడు గుడ్డలో చుట్టిన మంచు మేలు. స్పర్శజ్ఞానం తగ్గిన మధుమేహులు వేడికాపడంలో కాలకుండా జాగ్రత్త వహించాలి.

పనికీ భుజానికీ సంధి

చికిత్సలో చివరి భాగం పనిచేసే పద్ధతిని సవరించుకోవడం. తరచుగా వాడే వస్తువులను నడుముకూ ఛాతీకీ నడుమ ఎత్తులో ఉంచుకోవాలి. చొక్కా తొడిగేటప్పుడు నొప్పి ఉన్న చేతిని ముందు, విప్పేటప్పుడు చివర తీయాలి. వెల్లకిల పడుకొని, మోచేతి క్రింద చిన్న దిండు పెట్టుకొంటే రాత్రి నొప్పి తగ్గుతుంది. కుమార్‌టులి శిల్పి ప్రతిమ ముఖం దిద్దునప్పుడు క్రిందనుండి చేయి చాచుటకంటె ఎత్తైన పీటనెక్కి ఛాతీమట్టంలో పనిచేయడం భుజానికి హితవు. ఢాకీ వాద్యపు పట్టీని వెడల్పు చేసుకొని భుజం మార్చుకుంటూ వాయించవచ్చు. బస్తా ఒక్కరే ఎత్తుకోవడానికి బదులు ఇద్దరు పట్టడం, తోపుడుబండి వాడడం, ఒకే భుజంమీద కాక మార్చి మోయడం హమాలీకి మేలు. అయితే కూలీ ఒక్కడు తనంత తాను ఈ మార్పులు చేసుకోలేడు. బస్తా బరువు నిర్ణయించేది అతడు కాదు. యజమానులు, సంఘాలు, ప్రభుత్వం కలిసి బరువులను తగ్గించి, బండ్లను సమకూర్చినప్పుడే వైద్యుని సలహా ఆచరణకు వస్తుంది. చవుకగా జెనెరిక్ మందులు అందించే జన ఔషధి కేంద్రాలు కూడ ఇట్టివారికి అండగా ఉన్నాయి.

ఇన్ని మార్గాలూ నెలల తరబడి శ్రద్ధగా అనుసరించినా రాత్రి నిద్రలేకుండా నొప్పి ఉంటే, చేయి నోటివరకు కూడ రాకుంటే, శస్త్రచికిత్స గురించి ఆలోచించవలసిందే. కృత్రిమ భుజం అమర్చడం నేడు బాగా అభివృద్ధి చెందిన విద్య. శస్త్రాన్ని చూచి భయపడనక్కరలేదు, దానికై తొందరపడనూ అక్కరలేదు. శస్త్రచికిత్సకు ముందు బలపరచుకున్న కండరం శస్త్రచికిత్స తరువాత కూడ ఉపకరిస్తుంది. కనుక ఈ శ్రమ ఏ దశలోను వృథా కాదు.

భుజం కీళ్లవాతంలో వైద్యుడు చేయగలిగినది సగం. వ్యాధిని సరిగా గుర్తించడం, మందును మితంగా, క్రమంగా ఇవ్వడం అతని బాధ్యత. మిగిలిన సగం రోగి చేతిలో, నిజంగా అతని చేతిలోనే ఉన్నది. ఏ రాష్ట్రంనుండి ఏ పనికి వచ్చినవాడైనా తన చేయి పైకెత్తగలిగినంతకాలం తన కుటుంబాన్ని నిలబెట్టుకుంటాడు. ఆ చేతిని అందరికీ అందుబాటులో ఉన్న జ్ఞానంతో, అందరికీ అందగలిగిన ధరలో కాపాడడమే ఈ చికిత్సల పరమార్థం.